మూడో చెయ్యి

కరెంటు పోయింది, మంచిదే, పోనీ. ఫ్యాను ఆగితే ఈ చిన్న చిన్న స్క్రూలు ఎగిరిపోవు, మా ఇంటి ఫ్యానుకు స్క్రూను ఎగరగొట్టేంత గాలి ఎక్కడిదిలే, క్యాలెండరు కాగితం కూడా కదలదు, అయినా అది ఆగితేనే నాకు నయం, ఇల్లంతా సద్దుమణిగి నా గుండె కొట్టుకోవడం నాకే వినిపిస్తోంది, ఇంత సంబరం నాకు పెళ్ళి పందిట్లో కూడా లేదు. కిటికీ దగ్గర షాబాదు బండల మీద దుప్పటి మడత పెట్టి పరిచాను, దాని మీద నా లాప్‌టాప్, పక్కన ఫోటో స్టూడియో ఉస్మాన్ భాయ్ వాళ్ళ బేగం బొంతలో చుట్టుకుని సికింద్రాబాద్ నుంచి దిగిన కొత్త స్క్రీను. చేతులు కడుక్కున్నాను, తుడుచుకున్నాను, తృప్తి లేక మళ్ళీ కడుక్కున్నాను. తెలంగాణ కోసం సమ్మె మొదలైనప్పటి నుంచి బొగ్గు లేదని కరెంటు ఇలాగే పోతోంది, మధ్యాహ్నం పోయిందంటే సాయంత్రం గాలయ్య ఆటో పాపన్నపేటకు కదిలే వేళకు గానీ రాదు. ఆ ఆటోలోనే మా అత్తమ్మ కిష్టవ్వ కూతురి ఇంటికి వెళ్ళిపోతానంటోంది. సంచి సర్దేసుకుంది, గడప అవతల అరుగు మీద వీపు నావైపు పెట్టి కూర్చుంది. నాలుగు రోజులు ఉండి రావడానికి కాదు, మొత్తానికే పోవడానికి, ఈ ఇంట్లో తన చెయ్యి ఇక దేని మీదా పడకూడదట. ఈ స్క్రీను వెలిగితే ఆమెను ఆపగలను, వెలగకపోతే ఏ ముఖంతో ఆపాలో నాకు తెలియదు.

పాత స్క్రీనును పగలగొట్టింది ఎవరంటే ఎవరూ కాదు, దసరా. ఏటా దసరా నాడు మా అత్తమ్మ ఇంట్లో అన్నం పెట్టే పనిముట్లన్నిటినీ పీట మీద పేర్చి పూజ చేస్తుంది. బీడీ ఆకు కత్తిరించే కత్తెర, ఆకు మీద పెట్టే రేకు ముక్క, తంబాకు పోసుకునే చాట, మా ఆయన మల్లేశ్ కండక్టర్ సంచీ. ఈసారి బస్సులు డిపోలోనే ఉన్నాయి, కండక్టర్లంతా చౌరస్తాలో సమ్మె డేరా కింద ఉన్నారు, అయినా సంచీకి బొట్టు తప్పలేదు. దాని పక్కన ఈ ఏడు మొదటిసారి నా లాప్‌టాప్ కూడా పెట్టింది. "గిది గూడ అన్నం పెట్టేదే గదనే" అంది, నాకు కడుపు నిండిపోయింది ఆ మాటకు, ఇంట్లో నా పనికి దేవుడి ముందు పీట దొరికిందని. మూతకు నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టింది, తెరిచి కీబోర్డు కీల మీద తమలపాకు పరిచింది, దాని మీద జమ్మి ఆకు, జమ్మి ఆకు మీద ఒక నిండు పోక, ఇంత లావుది, ఏరి ఏరి పెట్టింది. తర్వాత జమ్మి పంచడానికి వాడకట్టు అంతా తిరగాలి కదా, పిల్లి వచ్చి ఆకు లాగేస్తుందేమోనని మూత వేసింది. మూత పడలేదు. పెట్టె మూత పడకపోతే ఎవరైనా ఏం చేస్తారు, కాస్త ఒత్తుతారు, ఆమె కూడా కాస్త ఒత్తింది. మర్నాడు పొద్దున నేను తెరిచి బటన్ నొక్కేసరికి స్క్రీను నడుమ సిరా బుడ్డి ఒలికినట్టు నల్లటి మరక, దాని చుట్టూ ఎర్రవీ పచ్చవీ గీతలు, కీల మీద పోక మాత్రం చెక్కు చెదరకుండా కూర్చుని ఉంది.

నవ్వు వచ్చింది నాకు, నిజంగా, ముందు నవ్వే వచ్చింది, ఏడుపు తర్వాత వచ్చింది. ఆ రెండింటి మధ్యలో మా ఆయన లోపలికి వచ్చాడు. డేరా కింద పగలంతా నినాదాలిచ్చి ఇచ్చి గొంతు తగ్గించడం మరచిపోయిన మనిషి, ఇంట్లో ఉప్పు అడిగినా చౌరస్తా అంతా వినపడేలా అడుగుతున్నాడు ఈ మధ్య. "తెల్వని దాన్ల చెయ్యెందుకు పెట్టినవే అమ్మా?" అన్నాడు. అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అన్న మాట అక్కడే ఉండిపోయింది. ఆమె కీల మీద పోక తీసింది, వాకిట్లోకి విసిరేసింది, అప్పటి నుంచి నోట్లో పోక వేసుకోలేదు. అది నాకు భయం పుట్టించింది. అత్తమ్మ అన్నం మానేస్తే బతిమాలి పెట్టొచ్చు, పోక మానేస్తే ఏం చెయ్యాలి, పొద్దున నేను కళ్ళు తెరిచేదే ఆమె పోక కత్తిరించే అడకొత్తు చప్పుడుకు, కటక్ అంటే తెల్లారిందని, మళ్ళీ కటక్ అంటే అన్నం తిన్నదని, ఆ చప్పుడు లేకపోయేసరికి ఇంట్లో పొద్దే కదలడం లేదు. రోజంతా నా పక్కన కూర్చుని బీడీలు చుట్టే మనిషి చాట తీసుకుని పెరట్లోకి మారిపోయింది. నా బట్టలు తీసి మడత పెట్టబోయి, నా చెయ్యి ఎందుకులే అని వదిలేసింది. చెయ్యి, చెయ్యి, చెయ్యి, ఆ ఒక్క మాటే పట్టుకుంది. మా ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే రెండు పూటలు పప్పులో పోపు వెయ్యలేదు.

సరే, ఇక మొదలు పెడదాం. బ్యాటరీ తియ్యి, అది ఎప్పుడో చచ్చింది, ఛార్జరు పెడితేనే ఈ లాప్‌టాప్ బతుకు, అయినా తియ్యాలి, వీడియోలో తీశాడు. ఆ వీడియో ఉస్మాన్ భాయ్ స్టూడియోలో చూశాను, నెట్టు ఆగి ఆగి వస్తుంటే, సౌండు లేకుండా. ఎవడో ఎక్కడివాడో, ముఖం కనపడదు, రెండు చేతులే కనపడతాయి, తెల్లటి బల్ల మీద ఆ చేతులు ఎంత నిమ్మళంగా తిరిగాయని, నాకు ఆ చేతుల మీద ప్రేమ పుట్టింది. మెకానిక్ దగ్గరికి వెళ్తే హైదరాబాద్ పంపాలి, సమ్మె అయ్యాక చూద్దాం, అప్పటిదాకా మూలన పెట్టమన్నాడు. సమ్మె ఎప్పుడయ్యేది, అప్పటికి అత్తమ్మ పాపన్నపేటలో యాదలక్ష్మి వదిన ఇంటి పెరట్లో చాట పెట్టుకుని కూర్చునేది. అందుకే ఉస్మాన్ భాయ్‌ని పట్టుకున్నాను. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసేది ఆయన, వాటిని ఆల్బమ్‌లుగా కూర్చేది నేను, ఇంట్లో కూర్చుని. ఆయన కూడా పాపం స్కూటరు మీద సికింద్రాబాద్ దాకా వెళ్ళి తెచ్చాడు, పగిలితే వాపసు లేదు అన్న మాటను ఆ దుకాణంవాడు ఎంత గట్టిగా చెప్పాడో అంత గట్టిగానూ నాకు చెప్పాడు. వచ్చేటప్పుడు తూప్రాన్ దగ్గర రోడ్డు మీద సమ్మెవాళ్ళ వంటా వార్పు. "రోడ్డు నడుమనే పొయ్యిలు పెట్టిన్రు బేటీ. బండి ఆపి, తినిపో భాయ్ అన్నరు. ఒళ్ళె నీ స్క్రీను, చేతుల విస్తరాకు. కదిల్తే పగుల్తదని భయం, కదలకపోతే పప్పు కారుతదని భయం. మస్తు పరేషాన్ అయిన" అన్నాడు. అని, పోబోతూ, "గని పప్పు మంచిగుండె" అన్నాడు. తెలంగాణ వస్తే ఆ స్క్రీనుకు కూడా అందులో వాటా ఉంటుంది, అంత కూర్చుంది అది ఆ రోడ్డు మీద.

ఇదిగో ఈ మూలల్లో రబ్బరు బిళ్ళలు, వాటి కింద స్క్రూలు. సూది మొనతో లేపితే ఒకటి లేచింది, రెండోది ఎగిరి ఎక్కడో పడింది, పోతే పోనీ, దాన్ని తర్వాత చూద్దాం. స్క్రూలు కలిసిపోకుండా వీడియోలో వాడికి అయస్కాంతం పట్టీ ఉంది, నాకు ముగ్గు ఉంది. బండల మీద సుద్దతో లాప్‌టాప్ బొమ్మ గీశాను, ఎంతదో అంతే, ఏ స్క్రూ ఎక్కడ నుంచి వచ్చిందో బొమ్మలో అక్కడే పెడుతున్నాను, నాకు తెలిసిన పని ఇదే మరి, చుక్కలు పెట్టడం, చుక్క తప్పకుండా చూసుకోవడం. ఇప్పుడు చుట్టూ ఉన్న నల్లటి చట్రం తియ్యాలి, సిమ్ విరిచేశాక మిగిలిన ప్లాస్టిక్ కార్డు ఉంటుంది చూడు, దాన్ని సందులో దూర్చి మెల్లగా తిప్పితే టప్, అమ్మో, విరిగిందా, విరగలేదు, ఊడింది, అలాగే ఊడాలి, మళ్ళీ టప్, మళ్ళీ టప్, ఎంత బాగుంది ఈ చప్పుడు, ఒక్కో టప్‌కు నా ఒళ్ళు ఝల్లుమంటోంది. చిన్నప్పుడు మా నాయన రేడియో వెనక అట్ట తీసి చూడాలని ఎంత తపించానో, లోపల ఎవరుంటారని కాదు, అంత చిన్నదానికి కూడా తెలుసు లోపల మనుషులు ఉండరని, లోపల ఏముంటే బయట పాట వస్తుందో చూడాలని. ఆడపిల్లవు, షాక్ కొడుతుంది అన్నారు. షాక్ ఆడపిల్లలను వెతుక్కుని కొడుతుందా అని అడిగాను, జవాబు మా అమ్మ చేతితో చెప్పింది. తర్వాత డిగ్రీలో కంప్యూటర్లు చదివినా ఎవరూ ఒక డబ్బా విప్పనివ్వలేదు, మౌస్ పట్టుకోవడం వరకే, విప్పే పని ఎప్పుడూ ల్యాబ్‌లో ఉన్న సారుదే.

ఈ ఇంటికి వచ్చిన కొత్తలో కుక్కరు పిడి ఊగుతోంటే కత్తిపీట మొనతో బిగిస్తున్నాను, అత్తమ్మ చూసింది, అయిపోయిందనుకున్నాను, కొత్తకోడలు గిన్నెలు విప్పుతోందని వాడకట్టంతా చెప్తుందనుకున్నాను. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఏడుపాయల జాతరకు వెళ్ళినప్పుడు అత్తలంతా కోడళ్ళకు గాజులు కొంటుంటే మా అత్తమ్మ ఒక బండి దగ్గర నిలబడి స్క్రూడ్రైవర్ల సెట్టు కొన్నది, ఎర్ర పిడివి, చిన్నా పెద్దా అన్నీ. "కత్తిపీట ఖరాబ్ చేస్తున్నవ్, గిది పట్టు" అంది. ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఆ సెట్టులో అన్నిటికంటే చిన్నది. నీకు ఉద్యోగం ఎందుకు, ఇంట్లో ఉండు అని మా ఆయన అంటే, ఆయన్ను డ్యూటీకి పంపించి నన్ను చెయ్యి పట్టుకుని ఉస్మాన్ భాయ్ స్టూడియోకు తీసుకెళ్ళింది కూడా ఆమే, "మా కోడలికి కంపూటర్ వస్తది, పని ఇస్తవా లేదా చెప్పు" అని గల్లా ముందు నిలబడింది, బీడీ ఖార్ఖానాలో తూకం దగ్గర నిలబడినట్టే. అప్పటి నుంచి ఇద్దరం పక్కపక్కన, ఆమె ఒళ్ళో చాట, నా ముందు లాప్‌టాప్. ఆకు మడుస్తూనే ఆమె ఓరకంట నా స్క్రీను చూస్తుంది, పెళ్ళికూతుళ్ళందరి మీదా తీర్పులు చెప్తుంది, ఈమె పట్టుచీర ఎవరిదో అడిగి తెచ్చుకున్నది, గీ పిలగాడికి చెప్పు కరుస్తున్నది చూడు ముఖం ఎట్ల పెట్టిండో అని. ఉస్మాన్ భాయ్ తీసిన ఫోటో, నేను కూర్చిన పేజీ, ఆమె ఒప్పుకుంటే గానీ ముందుకు పోదు. అలాంటి మనిషి వెళ్ళిపోతే నేను ఈ ఇంట్లో ఉండలేనని కాదు, ఉంటాను, వండుతాను, పని చేస్తాను, కానీ పక్కన చాట లేకుండా ఆ పని నాకు వద్దు. ఇది ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియక స్క్రూలు తీస్తున్నాను.

చట్రం వచ్చేసింది, హమ్మయ్య, చూడు లోపల ఎంత శుభ్రంగా ఉందో, ఎవరూ చూడని చోట కూడా ఎవరో ఎంత పొందికగా అమర్చారో. పక్కల స్క్రూలు తీశాను, బొమ్మలో పెట్టాను. ఇప్పుడు పాత స్క్రీనును ముందుకు వంచి కీల మీద బోర్లా పడుకోబెట్టాలి, వెనక అంటించిన టేపు లేపి పట్టీలాంటి వైరు లాగాలి, పక్కకు కాదు, కిందికి, వీడియోలో ఆ చేతులు అక్కడ ఆగి రెండుసార్లు చూపించాయి. వంచాను, టేపు లేపాను, లాగాను, వచ్చింది, వచ్చేసింది, అరవబోయి నోరు మూసుకున్నాను. పగిలిన స్క్రీనును పక్కన పెట్టి బొంత విప్పాను, కొత్తది నల్లగా నిగనిగలాడుతూ, నా ముఖం అందులో కనపడి, జుట్టంతా రేగి, ముక్కు మీద సుద్ద. ఇక్కడ వచ్చింది చిక్కు. వీడియోలో వాడి లాప్‌టాప్ మూత నిలబెడితే నిలబడింది, నా దానికి మడత బందు ఎప్పుడో వదులైంది, రోజూ బియ్యం డబ్బాకు ఆనించి పని చేసుకుంటాను, స్క్రీను ఉన్నంతసేపు ఆనుకుని ఉంది, ఇప్పుడు ఖాళీ మూత డబ్బాకు ఆనించినా మరీ వెనక్కి వాలిపోతోంది, వాలితే వైరు అందదు, వైరు జానెడు కూడా లేదు. ఒక చేత్తో కొత్త స్క్రీను ఎత్తి పట్టుకోవాలి, ఇంకో చేత్తో వైరు దూర్చాలి, మూతను ఎవరు పట్టాలి? మోకాలు అడ్డం పెట్టాను, మూత దాని మీద నుంచి జారింది. గోడకు జరిపాను, వెలుతురు పోయింది. చీర కొంగుతో కిటికీ చువ్వకు కట్టాలనుకున్నాను, కడితే నేను కూడా కట్టుకుపోతాను. పళ్ళతో పట్టుకుందామా అని కూడా ఆలోచించాను, ఎవరైనా చూస్తే దేవికకు మతి పోయింది, లాప్‌టాప్ కరుస్తోంది అంటారు. ఈ పనికి మూడు చేతులు కావాలి, ఇంట్లో ఉన్న మూడో చెయ్యి అరుగు మీద కూర్చుంది.

"అత్తమ్మా, ఒక్కసారి రా, జర మూత పట్టుకో" అన్నాను.

"నేను ముట్ట బిడ్డా. నా చెయ్యి పడ్డదే ఇంత చేసింది. మల్లేశ్ వచ్చినంక చేసుకోరాదు?" తిరిగి కూడా చూడకుండా అంది.

మల్లేశ్ వచ్చేసరికి నువ్వు ఉండవు కదా అనబోయాను, అంతలో చేతిలో స్క్రీను జారింది. నిజంగానే జారింది, ఒట్టు, ఆమెను లేపడానికి జారవిడిచానని మా ఆయన రేపు నన్ను ఏడిపిస్తాడేమో, అంత గుండె నాకు ఎక్కడిది. అరచేతుల్లో చెమట, నున్నటి అంచు, అది కిందికి దిగుతోంది, నేను మోచేత్తో ఆపబోతే మూత వెనక్కి పోతోంది, అమ్మా అన్నానో అత్తమ్మా అన్నానో, ఒక్క కేక. అంతే, అరవై దాటిన మనిషి ఎప్పుడు లేచిందో, గడప ఎప్పుడు దాటిందో, రెండు చేతులు వచ్చి ఒకటి మూతను, ఒకటి స్క్రీను కింది అంచును పట్టుకున్నాయి. పట్టుకున్నాక గానీ పట్టుకున్నట్టు ఆమెకు తెలియలేదు. చేతుల వైపు చూసుకుంది, నావైపు చూసింది, "కిందవడ్తుండె గదనే" అంది, తప్పు చేసి దొరికిపోయినట్టు.

"వదలకు" అన్నాను. "నువ్వు వదిలితే అయిపోతది అత్తమ్మా. వాపసు లేదన్నరు."

వదలలేదు. నేను వైరు దగ్గర తల పెట్టాను, ఆమె చేతులు నా కళ్ళకు ఇంత దగ్గరగా, ఆకు కసరు పట్టి నల్లబడిన వేళ్ళు, బీడీ మొన ముడవడానికి పెంచుకున్న ఆ ఒక్క బొటనవేలి గోరు, తంబాకు వాసన. ఆ చేతులు కదలడం లేదు. వాటిని చూసి నాకు ధైర్యం వచ్చింది. వైరు మొన సందుకు తిన్నగా పెట్టాను, మెల్లగా, ఇంకా మెల్లగా, ఒత్తకు, దానంతట అదే వెళ్ళాలి, వెళ్ళింది, కూర్చుంది. టేపు అంటించాను. అప్పుడు ఊపిరి వదిలితే నా పక్కన ఇంకో ఊపిరి కూడా అప్పుడే వదిలింది, ఆమె కూడా బిగబట్టుకునే ఉంది ఇంతసేపూ. పట్టరానంత ఆనందం వచ్చి ఆమె బుగ్గ గిల్లబోయాను, చేతిలో స్క్రూడ్రైవర్ ఉందని ఆగాను.

"అయిందానే?" అంది.

"సగం అయింది. ఇంకా పట్టుకో, స్క్రూలు బిగిస్తా. అత్తమ్మా, ఆయన అన్న మాట..."

"వాడన్నది అబద్ధమా? తెల్వనే తెల్వదు నాకు."

"నాకు మాత్రం తెలుసా? నేనెప్పుడన్న విప్పిననా దీన్ని?"

ఆమె దసరా తర్వాత మొదటిసారి నా కళ్ళలోకి చూసింది, తెలియకుండానే ఇంత పనిలో చెయ్యి పెట్టావా అన్నట్టు, కొంచెం భయంగా, కొంచెం మురిపెంగా. బొమ్మలో నుంచి ఒక్కో స్క్రూ తీసి బిగించాను, సుద్ద బొమ్మ ఖాళీ అవుతూ వచ్చింది, చివరికి గీతలు తప్ప ఏమీ మిగల్లేదు, చుక్క తప్పలేదు. చట్రం పెట్టి చుట్టూ నొక్కుతుంటే మళ్ళీ టప్ టప్, ఈసారి మూసుకునే టప్. ఎగిరిపోయిన రబ్బరు బిళ్ళ దొరకలేదు, బండల సందులన్నీ వెతికాను, అక్కడ స్క్రూ గుంత కనపడుతోంది, అద్దానికి అంటించి ఉన్న బొట్టు బిళ్ళ ఒకటి తీసి అంటించాను. అత్తమ్మ పెదవి చివర కదిలింది, నవ్వు కాదు గానీ నవ్వు దాకా వచ్చి ఆగింది. తర్వాత ఆమె లేచి, మళ్ళీ గడప దగ్గరికి వెళ్ళింది. అయితే ఈసారి అరుగు మీద కాదు, గడప మీదే కూర్చుంది, ఒక కాలు లోపల.

ఇక కరెంటు రావాలి. రావాలి, రావాలి, ఇప్పుడే రావాలి. ఛార్జరు గుచ్చి పెట్టాను, చూపు ఫ్యాను మీద పెట్టాను. చౌరస్తా నుంచి మైకులో ఎవరో మాట్లాడుతున్నారు, నడుమ నడుమ జై తెలంగాణ, అందులో మా ఆయన గొంతు ఉందా అని వెతికాను, ఉంటుంది, లేకపోతే ఎందుకు అంత బొంగురు. వాళ్ళూ ఎదురు చూస్తున్నారు, నేనూ ఎదురు చూస్తున్నాను, అందరం ఏదో వెలగాలనే కూర్చున్నాం. వెలగకపోతే? లోపల ఇంకేదైనా పోయి ఉంటే? వైరు సగమే వెళ్ళి ఉంటే? ఆ ఆలోచన వద్దు, వీడియోలో చేతులు ఎంత నిమ్మళంగా ఉన్నాయో అలా ఉండు, ఎలా ఉండాలి, నాకు కుదురుగా ఉండడం పుట్టుకతో రాలేదు, లేచి నిలబడ్డాను, కూర్చున్నాను, వీధి చివర ఆటో చప్పుడు వినపడితే గుండె గుభేలుమంది, అది గాలయ్యది కాదు, ఇంకెవరిదో, చర్చి వైపు వెళ్ళిపోయింది. క్యాలెండరు కదిలింది. గాలి కాదు, ఫ్యాను. ఫ్యాను తిరుగుతోంది. "వచ్చింది!" అని అరిచాను, పక్కింటివాళ్ళకు కూడా కరెంటు వచ్చిందని నేనే చెప్పినట్టయింది.

బటన్ నొక్కాను. చిన్న దీపం వెలిగింది, లోపల బుర్రుమంది, స్క్రీను నల్లగానే ఉంది. నలుపు. ఇంకా నలుపు. మూత తెరిచి చూసిన ఆ పొద్దున కనీసం గీతలైనా ఉన్నాయి. అత్తమ్మ గడప మీద నుంచి లేచి సంచి చేతిలోకి తీసుకోవడం ఓరకంట చూశాను. ఆగు, ఆగు, పాతది కదా, దీనికి తీరిక ఎక్కువ, రోజూ ఇంతసేపు పట్టేదేనా, పట్టేదే, పట్టేదే అనుకుంటుండగానే తెల్లటి వెలుగు. మూల నుంచి మూలకు, మరక లేదు, గీత లేదు. నేను చేశాను. నేను విప్పాను, నేను మూశాను, వెలిగింది. "అత్తమ్మా" అన్నాను, అంతే వచ్చింది, అది చాలదన్నట్టు ఏడుపు కూడా వచ్చింది. ఆమె సంచితోనే వచ్చి నా వెనక నిలబడింది. పండగకు ముందు ఎక్కడ ఆపామో ఆ పేజీ తెరిచాను, చేగుంట పెళ్ళికూతురు, గడ్డం మీద పుట్టుమచ్చ ఉన్న పిల్ల. ఆ మచ్చ గురించే తగువు. అబ్బాయివాళ్ళు తీసెయ్యమన్నారని ఉస్మాన్ భాయ్ చెప్పాడు, అత్తమ్మ వద్దంటే వద్దంది, "రేపు గా పిల్ల ముసల్దయినంక ఫోటో చూసుకుని, ఈమె ఎవలో అనుకోవాల్నా?" అని. తగువు తెగకముందే దసరా వచ్చింది.

ఇప్పుడు వంగి చూసింది, చూసి చూసి, "మచ్చ ఏదే? తీసినవా? నేను వద్దన్న గద!" అంది, గొంతులో నిఖార్సైన కోపం, ఆ కోపం వింటే నాకు ఎంత హాయి అనిపించిందో.

"తియ్యలేదత్తమ్మా, ఒట్టు" అన్నాను. నిజమే, మచ్చ కనపడడం లేదు, పిల్ల ముఖమే మంచు పట్టినట్టు మసకగా ఉంది, పాడైన స్క్రీను అంటగట్టాడా దుకాణంవాడు అనుకున్నాను, అంతలో వీడియోలో చేతులు చివర్లో చేసిన పని గుర్తుకొచ్చింది. పైన ప్లాస్టిక్ పొర. కొత్త సామాను మీద ఉండే పొర, మా ఇంట్లో టీవీ రిమోటుకూ, గోడ గడియారానికీ ఇంకా ఉన్న పొర, తీస్తే పాతబడిపోతుందని అత్తమ్మ ఎవరినీ తియ్యనివ్వని పొర. నాకు గోళ్ళు లేవు, కొరికేసుకున్నాను ఈ గంటలో. "నీ గోరు పెట్టు, ఇగో ఈ మూల, లాగు" అన్నాను.

"నేనా?" అంది.

"నువ్వే."

సంచి కింద పెట్టింది. చేతిని చీరకు తుడుచుకుంది, అటూ ఇటూ తుడుచుకుంది, బొటనవేలి గోరు మూలన పెట్టి, బీడీ మొన ముడిచినంత సుతారంగా పొర లేపింది. పట్టుకుని లాగింది. సర్రుమంటూ పొర వచ్చేస్తుంటే వెనకాలే రంగులు, ఎర్ర చీర ఎర్రగా, పసుపు పచ్చగా, పిల్ల బుగ్గ మీద అక్షింత గింజ కూడా, గడ్డం మీద పుట్టుమచ్చ నల్లగా, ఉన్న చోటే ఉంది. "ఉన్నది" అంది అత్తమ్మ. పొర చేతిలో పట్టుకుని అలాగే నిలబడి, మళ్ళీ, "ఉన్నదే" అంది, ఈసారి ఆమె గొంతు కూడా సరిగా లేదు. వీధి చివర హారను మోగింది, "ఓ కిష్టవ్వా, వస్తున్నవా?" అని గాలయ్య కేక. నేను స్క్రీను నుంచి కళ్ళు తిప్పలేదు, భయపడి. "నువ్ పోరా గాలయ్యా, మాకు ఈడ లగ్గం ఉన్నది" అని నా తల మీదుగా ఆమె కేక వేసింది, చౌరస్తా దాకా వినపడే కేక, ఆ గొంతు కొడుక్కు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది.

వంటింట్లోకి పరుగెత్తి డబ్బాలో నుంచి ఒక పోక తెచ్చి ఆమె ముందు చాపాను. ఆమె పోకను చూసింది, లాప్‌టాప్ కీలను చూసింది, నన్ను చూసింది. "ఏడ పెట్టమంటవే?" అంది. నేను ఆమె నోరు చూపించాను. సంచి విప్పి, చీరల అడుగు నుంచి అడకొత్తు తీసింది, దాన్ని కూడా సర్దుకుందన్న మాట, నన్ను ఈ ఇంట్లో చప్పుడు లేకుండా వదిలిపోవడానికి. కటక్ అంది. ఆ చప్పుడుకు నాకు తెల్లారింది, సాయంత్రమే తెల్లారింది. తర్వాత చాట వచ్చి నా పక్కన కూర్చుంది, పొద్దు పోయేదాకా ఆ పిల్ల లగ్గం అంతా చూశాం, మచ్చతోనే. ఇక చాలనుకున్నాక లాప్‌టాప్ ఆపేసి, "మూత నువ్వెయ్యి అత్తమ్మా" అన్నాను. ఆమె నోటి నిండా పోక. అరచెయ్యి చాపి కీల మీద ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తడిమి చూసింది, ఏమీ లేదని నమ్మకం కుదిరాక మూత వేసింది.